మన్సూర్ గడిలో సంతకం

తల్లాడ
14 జూలై 2024

ఎల్లస్వామి మామకు,

తిరుమల రాస్తున్నది. కాలేజీలో పేరు రాయించుకున్నాను. ఇక నువ్వు తిట్టినా కట్టిన ఫీజు వెనక్కి రాదు.

నీకు ఫోన్ చేస్తే "ఆఁ? ఆఁ?" అనడం తప్ప ఇంకేమీ వినిపించదు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో పేల్చిన మందు నీ చెవులు తీసుకుపోయింది. అత్తతో చెప్పిస్తే సగం ఆమె సొంతంగా కలుపుతుంది. అందుకే ఉత్తరం. భద్రాచలం బస్సు కండక్టర్ ఏదిచ్చినా చేరుస్తానంటాడు కానీ నాకు పోస్టాఫీసే నమ్మకం.

చదువు పేరు లీగల్ స్టడీస్ మాస్టర్స్. లాయర్లు కానివాళ్లకు, ఉద్యోగం చేస్తూ చదువుకునేవాళ్లకు. రెండేళ్లు. ఆదివారాలు ఫోన్‌లో క్లాసు, మూడు నెలలకోసారి హైదరాబాద్. ఐటీఐ ఎలక్ట్రీషియన్‌వి, దూరవిద్యలో డిగ్రీ ఎట్లాగో గట్టెక్కినదానివి, మిరపకాయ బస్తాల కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటర్‌వి, నీకెందుకు అంటావు. చెప్తాను. కిందటి నెల మా ముప్పై మందితో ఇంగ్లీషు కాగితం మీద సంతకాలు పెట్టించారు. "ఏంది సార్ ఇది" అంటే "మీ మంచికే" అన్నాడు మేనేజర్. వారం తర్వాత తెలిసింది, సీజన్‌లో పన్నెండు గంటల డ్యూటీ మా ఇష్టంతోనే చేస్తున్నామని అందులో ఉందట. మా ఇష్టం! నా ఇష్టం నాకే తెలియకుండా టైపు కొట్టించారు. అందరికంటే ముందు సంతకం పెట్టింది నేనే. అది నాకు మింగుడు పడడం లేదు.

సోమమ్మ అత్తకు చెప్పు, ఈసారి ఇప్పపూల లడ్డూలు పంపకపోతే కేసు వేస్తానని.

నీ మేనకోడలు,
తిరుమల


దుమ్ముగూడెం
2 ఆగస్టు 2024

కోడలు పిల్లకు,

నీ ఉత్తరం అత్త రెండుసార్లు చదివింది. లడ్డూల దగ్గర నవ్వింది, పన్నెండు గంటల దగ్గర తిట్టింది. నిన్ను కాదు.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఇక్కడి పోస్టుమాస్టర్ చెప్పాడు, ఆ చదువు చదివితే నల్ల కోటు రాదట కదా. కోర్టులో నిలబడనియ్యరట. మరి ఏంది బిడ్డా ఈ చదువు? ఈత నేర్చుకుని గట్టు మీద కూచున్నట్టు లేదూ? యూనియన్‌లో తిరిగిన రోజుల్లో నేను చట్టం పుస్తకాలు చదివింది బీడీ వెలుగులో. ఎవడూ నాకు డిగ్రీ ఇయ్యలేదు. ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చెప్పను.

కొట్లాడేదానివి కొట్లాడు. కానీ ఉద్యోగం పోకుండా కొట్లాడు. మీ అమ్మ నిన్ను నాకప్పజెప్పి పోయింది, ఆ కంప్రెసర్‌కు కాదు.

మామ


తల్లాడ
19 జనవరి 2025

మామా,

నల్ల కోటు రాదు. నిజమే. మొదటి రోజే మా సారు చెప్పాడు: "మీరు ఎవరి తరఫునా కోర్టులో వాదించలేరు. కానీ మీ ముందుకొచ్చిన కాగితానికి భయపడరు." నాకు అది చాలు.

హైదరాబాద్ క్లాసులో నా పక్కన ఆసుపత్రి మేనేజర్, వెనక బ్యాంకు ఆఫీసర్, ముందు ఏదో కంపెనీ హెచ్ఆర్ ఆయన. అందరూ ప్రమోషన్ కోసం వచ్చారు. నువ్వెందుకొచ్చావని అడిగారు. "కోపం వచ్చి వచ్చిన" అన్నాను. హెచ్ఆర్ ఆయన నవ్వాడు. సెమిస్టర్ పరీక్షలో కార్మిక చట్టాల పేపర్‌లో నాకొచ్చిన మార్కులు ఆయన కంటే పదకొండు ఎక్కువ. ఇప్పుడు నోట్సు అడుగుతున్నాడు. ఇచ్చాను, నా రాత అర్థం కాక చావనీ అని.

ఆదివారం క్లాసులు వినగలుగుతున్నానంటే మన్సూర్ భాయ్ వల్ల. నీకు చెప్పాను కదా, మెషిన్ రూమ్‌లో సీనియర్ ఆపరేటర్, నాకు పని నేర్పిందే ఆయన. ఆదివారం రెండు గంటలు నా మెషిన్ కూడా ఆయనే చూస్తాడు. శుక్రవారం ఆయన జుమ్మా నమాజుకు పోతే ఆయన మెషిన్ నేను చూస్తాను. మా దగ్గర గంట గంటకూ రీడింగులు లాగ్‌బుక్‌లో రాయాలి. ఎవరి గడి పైన వాళ్ల పేరు క్లర్కు ముందే రాసి పెడతాడు. మేనేజర్‌కు పేజీ శుభ్రంగా ఉండాలి, ఒకరి గడిలో ఇంకొకరి సంతకం కనిపిస్తే ఎగిరి పడతాడు. అందుకని ఆయన గడిలో నేను ఆయన పొట్టి సంతకమే పెడతాను, నా గడిలో ఆయన నాది పెడతాడు. నా సంతకం నాకంటే ఆయనే అందంగా పెడతాడు.

లడ్డూలు అందాయి. సగం మన్సూర్ భాయ్ ఇంటికి పోయాయి. వాళ్లావిడ మహబూబీ రెసిపీ అడిగింది. అత్తను రాయమను.

తిరుమల


తల్లాడ
20 జూలై 2025

మామా,

మన్సూర్ భాయ్‌ని సస్పెండ్ చేశారు.

పదకొండో తారీఖు శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంట దాటాక ఆయన మెషిన్ వాల్వు దగ్గర అమ్మోనియా లీకయింది. మనుషులకేమీ కాలేదు. ఒక ఛాంబర్‌లోకి వాసన పోయి మిరప బస్తాలు పాడయ్యాయి. ఆ వాల్వు కారకుండా వేసే ప్యాకింగ్ మార్చమని మేము లాగ్‌బుక్‌లో మూడుసార్లు రాశాం. మార్చలేదు. ఇప్పుడు మన్సూర్ భాయ్‌కి ఛార్జిషీట్ ఇచ్చారు. ఒకటి, మెషిన్‌ను గాలికొదిలి నమాజుకు పోయాడు, లీకయినప్పుడు అక్కడ ఎవరూ లేరు. రెండు, ఒంటి గంట రీడింగు ముందే దొంగగా రాసిపెట్టి పోయాడు.

పద్దెనిమిదేళ్ల సర్వీసు మామా! ఒళ్లు మండిపోతున్నది. డొమెస్టిక్ ఎంక్వైరీ పెడతారట, కంపెనీ లోపలే జరిగే విచారణ. ఎంక్వైరీ ఆఫీసర్‌గా ఖమ్మం నుంచి ఒక లాయర్ను తెస్తున్నారు. మహబూబీ భాభీ కూడా నల్ల కోటు లాయర్ను మాట్లాడింది. కంపెనీ ఒప్పుకోలేదు. కార్మికుడి వైపు బయటి లాయర్ కూచోకూడదు, అదే చోట పనిచేసే తోటి కార్మికుడైతే కూచోవచ్చు, మా స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే కంపెనీ ఉద్యోగ నియమాల్లో, అట్లాగే ఉంది.

తోటి కార్మికురాలు. లాయర్ కానిది. చట్టం చదివింది. తల్లాడ మొత్తం వెతికితే ఎవరు దొరుకుతారు మామా? ఇప్పుడు చెప్పు, గట్టు మీద కూచున్నానా?

తిరుమల


దుమ్ముగూడెం
27 జూలై 2025

కోడలు పిల్లకు,

గట్టు మాట వెనక్కి తీసుకుంటున్నాను.

బాయిలో నేను చేసింది కూడా ఆ పనే. ఎంక్వైరీల్లో పదకొండు మందికి పక్కన కూచున్నాను. కాబట్టి ఒకే ఒక్క ప్రశ్న. ఆ శుక్రవారం మన్సూర్ బదులు ఆ మెషిన్ దగ్గర ఎవరున్నారు? నీ ఉత్తరంలో అన్నీ ఉన్నాయి, అది లేదు.

మామ


తల్లాడ
3 ఆగస్టు 2025

మామా,

నీకెప్పుడూ ఇంతే, పోలీసోడి లెక్క. ఎవరున్నారన్నది కాదు ఇక్కడ విషయం. వాల్వు ప్యాకింగ్ మార్చకపోవడం విషయం. దాని మీదే వాదిస్తాను. నేను తయారు చేసుకున్న నోట్సు నలభై పేజీలు ఉంది. చాలు.

అత్త మోకాలు ఎట్లా ఉంది?

తిరుమల


దుమ్ముగూడెం
10 ఆగస్టు 2025

తిరుమలకు,

అత్త మోకాలు బాగానే ఉంది. నా కడుపులో ఉన్నది చెప్తాను, విను.

పదకొండు మంది అన్నాను. పన్నెండోవాడు దేవ్లా. మీ అమ్మకు కూడా తెలుసు. బాయి లోపల పైకప్పు రాయి పడి ఒకతనికి కాలు విరిగింది. అక్కడ పైకప్పుకు ఆసరాగా దిమ్మె పెట్టాల్సింది దేవ్లా. ఆ పూట నేను పిలిస్తే యూనియన్ మీటింగుకు వచ్చాడు. హాజరు మస్టర్‌లో వాడు లోపలే ఉన్నట్టు ఉంది. ఎంక్వైరీలో వాడి పక్కన కూచున్నది నేనే. "వాడు మీటింగుకు వచ్చిండు, పిలిచింది నేనే" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే నా ఉద్యోగం కూడా పోతుందని భయం. అందుకని చట్టం మాట్లాడాను. రెండు గంటలు. అంత బాగా ఎన్నడూ మాట్లాడలేదు. టైపు కొట్టే ఆయన కూడా మెచ్చుకున్నాడు. దేవ్లా నా వైపు చూస్తూనే ఉన్నాడు, నా పేరు చెప్పలేదు. వాడిని తీసేశారు.

నేను రిటైరయ్యేదాకా ఉద్యోగం చేశాను. ఇప్పుడు వాడి ఊరి పక్కనే ఉంటున్నాను. సంతలో కనిపిస్తే వాడు నమస్తే పెడతాడు. తిట్టినా బాగుండేది.

నలభై పేజీలు ఎందుకు రాస్తారో నాకు తెలుసు బిడ్డా. ఒక్క వాక్యం రాయకుండా ఉండటానికి.

మామ


తల్లాడ
17 ఆగస్టు 2025

మామా,

నేనే ఉన్నాను.

మన్సూర్ భాయ్ పన్నెండు ముప్పై అయిదుకు గేటు దాటాడు. మెషిన్ దగ్గర నేను కూచున్నాను. ఒంటి గంట రీడింగు నేను రాశాను. ఆయన గడిలో ఆయన పొట్టి సంతకం నేను పెట్టాను, ఎప్పటిలాగే. ఒంటిగంట పదికి వాసన వచ్చింది. మాస్కు పెట్టుకుని వాల్వు కట్టేసింది నేనే. నాలుగు నిమిషాల్లో కట్టేశాను. కట్టకపోతే ఒక్క ఛాంబర్‌తో పోయేది కాదు.

తర్వాత మేనేజర్ వచ్చి "నువ్వెక్కడున్నవ్" అని గద్దించాడు. గడిలోని సంతకం గుర్తొచ్చింది. దొంగ సంతకం అంటారని భయపడ్డాను. "ప్యానెల్ రూమ్‌ల ఉన్న సార్, వాసనొస్తే ఉరికొచ్చిన" అన్నాను. అదే రాయించి సంతకం తీసుకున్నారు. నేను ఆ మాట అన్నందుకే మెషిన్ దగ్గర ఎవరూ లేరని మన్సూర్ భాయ్ మీద రాశారు. చట్టం చదువుతున్నదాన్ని మామా. మళ్లీ ఒక కాగితం మీద తప్పుడు సంతకం పెట్టాను. ఈసారి ఎవరూ మోసం చేయలేదు.

మన్సూర్ భాయ్ జవాబులో నా పేరు లేదు. "నమాజుకు పోయిన, తప్పయింది" అని మాత్రం రాశాడు. నిన్న వాళ్లింటికి పోయి ఎందుకట్లా అని అరిచాను. ఆయన టీ గ్లాసు నా ముందు పెట్టి "నీకింక ఏడాది చదువుంది చెల్లె. ఒకరి నౌకరి పోతే చాలు గదా, ఇద్దరియి ఎందుకు" అన్నాడు. మహబూబీ భాభీ నా వైపు చూడలేదు. ఆమెకు తెలుసు.

ఎంక్వైరీ సెప్టెంబర్ ఆరు, శనివారం. ఆ రోజే నాకు పరీక్ష కూడా ఉంది. పరీక్షకు పోవడం లేదు.

నలభై పేజీలు చింపలేదు. పక్కన పెట్టాను. లాగ్‌బుక్కులు, గేటు రిజిస్టర్, లీవు కాగితాలు చూపించాలని రాతపూర్వకంగా అడిగాను. మా కాలేజీ సారు చెప్పింది అదొక్కటే: "వాళ్ల కాగితాలతోనే మాట్లాడించండి."

తిరుమల


దుమ్ముగూడెం
24 ఆగస్టు 2025

బిడ్డా,

ఉద్యోగం పోతే ఇక్కడికి రా. మూడెకరాలుంది, అత్త వంట ఉంది, నీకు కోపం రావడానికి అటవీ ఆఫీసు కూడా దగ్గరే.

ఆ రోజు గొంతు పెంచకు. పెంచితే వాళ్లు గొంతు గురించే రాసుకుంటారు.

మామ


తల్లాడ
8 సెప్టెంబర్ 2025

మామా,

అంతా వరుసగా చెప్తాను.

ఆఫీసు పైన మీటింగు గదిలో పెట్టారు. బల్లకు అటు ఎంక్వైరీ ఆఫీసర్, పక్కన టైపిస్టు, కంపెనీ తరఫున మేనేజర్. ఇటు మన్సూర్ భాయ్, నేను. భాభీ మాట్లాడిన లాయర్ వద్దన్నా వచ్చాడు. గేటు దగ్గరే ఆపేశారు. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల టీ కొట్టు బెంచీ మీద నల్ల కోటు ఒళ్లో పెట్టుకుని కూచుని ఉన్నాడు. నాకు ఎంత బలమొచ్చిందో చెప్పలేను. ఆయన రాలేని గదిలో నేనున్నాను.

మేనేజర్ నన్ను చూసి "మెషిన్ నడిపేటామె కేసు నడుపుతదా" అన్నాడు. "రెండూ నడుపుత సార్" అన్నాను. గొంతు పెంచలేదు. నీ మీద ఒట్టు.

ముందు ఎంక్వైరీ ఆఫీసర్‌తో అన్నాను: "సార్, వాదించే ముందు నేను సాక్ష్యం చెప్పాలె. జూలైల నేనిచ్చిన వాంగ్మూలం తప్పు. ఆ టైముల మెషిన్ దగ్గర ఉన్నది నేనే. ఆ సంతకం పెట్టింది నేనే."

టైపు చప్పుడు ఆగిపోయింది. మన్సూర్ భాయ్ బల్ల కింద నా చెయ్యి పట్టుకుని లాగాడు. "వద్దు చెల్లె" అంటున్నాడు. ఎంక్వైరీ ఆఫీసర్ కళ్లద్దాలు తీశాడు. "అమ్మాయీ, ఇది నీ మీదికే వస్తది. తెలుసా?" అన్నాడు. "తెలుసు సార్. రాసుకోండి" అన్నాను.

మేనేజర్ ఎగిరి లేచాడు. "దోస్తును కాపాడనీకి అబద్ధమాడుతుంది. అప్పుడొక మాట, ఇప్పుడొక మాట!" న్యాయమే, నేనైనా అట్లాగే అనేదాన్ని. అందుకే వాళ్ల పుస్తకాలే తెరిచాను. గేటు రిజిస్టర్ ప్రకారం మన్సూర్ భాయ్ పన్నెండు ముప్పై అయిదుకు బయటికి పోయాడు. సెక్యూరిటీ దగ్గరున్న జనరేటర్ పుస్తకం ప్రకారం ఆ రోజు కరెంటు పన్నెండు నలభైకి పోయింది, అప్పుడే జనరేటర్ ఆన్ చేశారు. ఇక లాగ్‌బుక్‌లో ఒంటి గంట రీడింగు పక్కన ఏముంది? "జనరేటర్ మీద నడుస్తున్నది" అని ఉంది.

"సార్, కరెంటు పోతదని అయిదు నిమిషాల ముందే మన్సూర్ భాయ్‌కి ఎట్ల తెలుస్తది? ఆయన నమాజుకు పోయిండు, జ్యోతిష్యానికి కాదు" అన్నాను. టైపిస్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మేనేజర్ వెంటనే మెలిక తిప్పాడు. "అయితే ఇంకా ఘోరం. ఒకరి సంతకం ఒకరు పెట్టుకుంటున్నరు. మేనేజ్‌మెంటుకు తెల్వకుంట ఇంత మోసమా!" నేను ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసం.

"తెల్వదా సార్?"

"ఇయ్యాలనే తెలిసింది."

"మార్చి ముప్పై ఒకటి నాడు మన్సూర్ భాయ్ డ్యూటీకి వచ్చిండా?"

"రంజాన్ గదా. లీవు."

"లీవు ఎవరిచ్చిండ్రు?"

"నేనే."

ఆ రోజు పేజీ ఆయన ముందు పెట్టాను. మన్సూర్ గడిలో ఎనిమిది రీడింగులు, ఎనిమిది పొట్టి సంతకాలు. పేజీ శుభ్రంగా, అద్దంలా ఉంది. అడుగున మేనేజర్ సంతకం.

"లీవుల ఉన్న మనిషి ఎనిమిది సంతకాలు ఎట్ల పెట్టిండు సార్? లీవు కాగితం మీద సంతకం మీదే. ఈ పేజీ మీద సంతకం మీదే."

"రోజుకు వంద సంతకాలు పెడత. అన్నీ చూస్తనా?"

"ఆ రోజు చూసిండ్రు సార్. మెషిన్ రూమ్‌ల మన్సూర్ భాయ్ కుర్చీల నేను కూసున్న. మీరు స్టూలు మీద కూసున్నరు. మన్సూర్ భాయ్ ఇంటికాడి నుంచి వచ్చిన సేమ్యా ఖుర్మా తిన్నరు. ఖర్జూరం ఎక్కువ పడ్డదన్నరు. ఇంకో గిన్నె అడిగితే ఫోన్ చేసి తెప్పించిన. గిన్నె కిందపెట్టి ఈ పేజీ మీదనే సంతకం చేసిండ్రు. ఇగో, మూలకు నెయ్యి మరక."

మామా, ఆ పేజీ మూలన నిజంగానే మరక ఉంది. గుండ్రంగా, పసుపుపచ్చగా. ఎంక్వైరీ ఆఫీసర్ పేజీని కిటికీ వెలుగుకు ఎత్తి చూశాడు. నవ్వు ఎక్కడినుంచి మొదలైందో తెలుసా? మన్సూర్ భాయ్ దగ్గర. రెండు నెలలుగా తల ఎత్తని మనిషి, భుజాలు కదిలేట్టు నవ్వాడు. "రెండో గిన్నెల ఖర్జూరం తీసేసి పంపిన సార్" అన్నాడు.

చివర్లో వాల్వు ప్యాకింగ్ మార్చమని మేము రాసిన మూడు పేజీలు చూపించాను. వాటి కింద కూడా మేనేజర్ సంతకమే. ఇక వాదించడానికేమీ మిగల్లేదు. నలభై పేజీల్లో ఒక్కటీ తెరవలేదు.

బయటికొచ్చాక టీ కొట్టు దగ్గర లాయర్ "ఏమైందమ్మా" అని అడిగాడు. చెప్పాను. కోటు దులుపుకుని లేచి "నేనుంటే సేమ్యా సంగతి నాకు తెలిసేది కాదు" అన్నాడు. మంచివాడు. టీ ఆయనే ఇప్పించాడు.

రిపోర్టు రావాలి. నా ఉద్యోగం ఏమవుతుందో తెలియదు. కానీ మామా, నిన్న పన్నెండు గంటలు నిద్రపోయాను. జూలై నుంచి ఇదే మొదటిసారి.

తిరుమల


దుమ్ముగూడెం
15 సెప్టెంబర్ 2025

తిరుమలకు,

నీ ఉత్తరం తీసుకుని దేవ్లా ఇంటికి పోయాను. ఇన్నేళ్లలో వాడి గడప తొక్కడం ఇదే మొదలు. మొత్తం చదివి వినిపించాను. నాకు చెవుడు కదా, నేను మెల్లగా చదువుతున్నాననుకున్నాను, వాడ వాడంతా వచ్చి నిలబడింది. నెయ్యి మరక దగ్గర అందరూ నవ్వారు. నువ్వు "రాసుకోండి" అన్న చోట దేవ్లా నవ్వలేదు. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను.

అప్పుడు వాడికి చెప్పాను, ఆ రోజు నేను అనాల్సిన మాట. వాడు "నీ కోడలికి ఆ మాట మంచిగొచ్చింది" అన్నాడు. నాకు వచ్చిందనలేదు. అది వాడి హక్కు. వచ్చేటప్పుడు కంది మూట ఒకటి చేతిలో పెట్టాడు, నీకట.

నా లెక్కలో నువ్వు పరీక్ష పాసయ్యావు. యూనివర్సిటీ వాళ్లది వాళ్లు చూసుకుంటారు.

ఇంకొకటి. ఇక్కడ సోమ్లి అని ఒకామె హాస్టల్‌లో వంట చేస్తుంది. రేపటి నుంచి రావద్దని కాగితం ఇచ్చారట. నీకు పంపనా?

మామ


తల్లాడ
17 అక్టోబర్ 2025, శుక్రవారం

మామా,

రిపోర్టు వచ్చింది. మొదటి ఆరోపణ రుజువు కాలేదు. రెండోది "మేనేజ్‌మెంటుకు తెలిసే ఆనవాయితీగా జరుగుతున్నది" అని రాశారు. మన్సూర్ భాయ్ సోమవారం డ్యూటీలో చేరాడు, ఆగిన జీతంతో సహా. నాకు మాత్రం తప్పుడు వాంగ్మూలానికి వార్నింగ్ లెటర్ ఇచ్చారు. తీసుకున్నాను. అది నాకు రావాల్సిందే. కింద సంతకం పెట్టమంటే కూచుని ప్రతి అక్షరం చదివాను. అరగంట పట్టింది. క్లర్కు నిలబడే ఉన్నాడు. "జల్దీ పెట్టమ్మా" అంటే "చదివేదాక ఆగు అన్నా" అన్నాను. ఇప్పుడు అందరూ అట్లాగే చేస్తున్నారు. నిన్న హమాలీలకు ఏదో కాగితం ఇస్తే ఒక్కరూ సంతకం పెట్టలేదు, మెషిన్ రూమ్ ముందు లైను కట్టారు. పన్నెండు గంటల కాగితం కూడా మళ్లీ తీశాం. అందరి సంతకాలతో లేబర్ ఆఫీసుకు పోయింది.

వాల్వుకు కొత్త ప్యాకింగ్ పడింది. ఎంక్వైరీ రోజు రాయలేకపోయిన పేపర్ జనవరిలో రాస్తాను. అందులో డొమెస్టిక్ ఎంక్వైరీ మీద ఒక ప్రశ్న తప్పకుండా వస్తుందట.

సోమ్లి కాగితం పంపు. కానీ పంపే ముందు ఆమెకు చదివి వినిపించు. నువ్వు చదివితే వాడంతా వింటుంది, ఇంకా మంచిది. దేవ్లా పెదనాయనకు నా నమస్తే చెప్పు. కందిపప్పు వండాను.

ఈ ఉత్తరం మెషిన్ దగ్గర కూచుని రాస్తున్నాను. మన్సూర్ భాయ్ జుమ్మాకు పోయాడు. కొత్త లాగ్‌బుక్‌లో ఒక గడి పెరిగింది, "డ్యూటీలో ఉన్నవారు" అని. ఇప్పుడు ఒంటి గంట. రీడింగు చూసి వచ్చాను. అంతా సరిగ్గా ఉంది. ఆ గడిలో పొట్టి సంతకం పెట్టలేదు మామా, పూర్తి పేరు రాశాను. గడి పట్టక పక్క గడిలోకి పోయింది. పేజీ పాడయిందని మేనేజర్ మొత్తుకుంటాడు.

మొత్తుకోనీ.

తిరుమల